డిక్స్‌విల్ నాచ్: అర్ధరాత్రి ఓట్లు, కనుమ మొగ్గు

డిక్స్‌విల్ నాచ్ అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు ఉత్తర కొసన, కోవాస్ కౌంటీ కొండల్లో ఉన్న అతి చిన్న జనావాసం. కెనడా సరిహద్దు ఇక్కడికి దాదాపు 30 కిలోమీటర్లు. 2020 జనగణనలో జనాభా నలుగురు. దేశాధ్యక్షుడి ఎన్నిక రోజున రాత్రి 12 కొట్టగానే ఇక్కడివాళ్లంతా ఓట్లు వేసేస్తారు. కొద్ది నిమిషాల్లో పెట్టె తెరిచి, లెక్కపెట్టి, గట్టిగా చదివి వినిపిస్తారు. మిగతా అమెరికా అప్పటికి ఇంకా నిద్రలోనే ఉంటుంది. 1960లో మొదలైన ఈ ఆనవాయితీ 2024 వరకు పదిహేడు అధ్యక్ష ఎన్నికల్లో తప్పలేదు. పత్రికలకూ టీవీలకూ ఇది ఆ రోజు బోణీ. బోణీ బాగుంటే రోజంతా బేరం బాగుంటుందని నమ్మే వ్యాపారిలాగే, ఇక్కడి ఫలితాన్ని శకునంగా చూపే అలవాటు వార్తా సంస్థలకు పట్టుకుంది. పదిహేడు లెక్కల్ని వరుసగా పెట్టి చూస్తే మాత్రం అవి దేశం గురించి చెప్పేది తక్కువ. ఒక హోటల్లో ఏ కాలంలో ఎవరు పనిచేశారు, ఎవరు యజమాని, హోటలు ఎప్పుడు మూతపడింది అన్న సంగతులే వాటిలో ఎక్కువగా కనిపిస్తాయి.

చోటు, హోటలు

కొండల నడుమ ఇరుకు దారిని ఆ ప్రాంతంలో నాచ్ అంటారు. మన మాటలో కనుమ. రాష్ట్రపు 26వ నంబరు రహదారి ఈ కనుమలోంచే సాగుతుంది. పేరులోని డిక్స్, 19వ శతాబ్దం తొలినాళ్లలో ఈ భూమిని పొందిన టిమోతీ డిక్స్ అనే సైనికాధికారి. రాతి నేల, దీర్ఘమైన చలికాలం. సేద్యానికి పనికొచ్చే చోటు కాదు గాని వేసవి విడిదికి బాగా పనికొచ్చింది. 1866లో డిక్స్ హౌస్ అనే చిన్న సత్రం వెలిసింది. 1895లో ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ హేల్ దాన్ని కొని బాల్సమ్స్ అని పేరు మార్చాడు. చెరువు ఒడ్డున, కొండ నీడన అది క్రమంగా పెద్ద హోటలైంది. గోల్ఫ్ మైదానం, తరవాతి కాలంలో మంచుపై జారే స్కీ వాలు కూడా దానికి చేరాయి. హోటలే ఊరు, ఊరే హోటలు.

చట్టం దృష్టిలో ఇది ఊరు కూడా కాదు. న్యూహాంప్‌షైర్‌లో మామూలు ఊళ్లకు ఏటా జరిగే ఊరి సభ, ఎన్నికైన పెద్దలు, సొంత పద్దులు ఉంటాయి. డిక్స్‌విల్‌కు అలాంటి స్థానిక ప్రభుత్వం లేదు, పాలన కౌంటీది. ఇలాంటి చోట్ల ఉన్నవాళ్లు ఓటు వేయడానికి దగ్గరి ఊరికి పోవాలి, లేదా ఓటింగు పనికి మాత్రమే తమలో తాము ఒక ఏర్పాటు చేసుకోవాలి. డిక్స్‌విల్‌వాళ్లు రెండోది ఎంచుకున్నారు. ఆ ఎంపిక వెనక ఉన్నది ఒక్క మనిషి.

నీల్ టిలట్‌సన్ 1898లో పొరుగు రాష్ట్రం వెర్మాంట్‌లోని బీచర్ ఫాల్స్‌లో పుట్టాడు. రబ్బరు కంపెనీలో పనిచేస్తూ, 1931లో పిల్లి తల ఆకారంలో అట్టముక్క కత్తిరించి, రబ్బరు పాలలో ముంచి, ఆరబెట్టి బుడగ తయారు చేశాడు. బోస్టన్ ప్రాంతంలో ఒక ఊరేగింపు నాడు అలాంటి బుడగలు అమ్మి వ్యాపారం మొదలుపెట్టాడు. తరవాత ఆయన కంపెనీలు ఆసుపత్రుల్లో వాడే పలుచని రబ్బరు చేతి తొడుగుల తయారీలో పేరు తెచ్చుకున్నాయి. 1954లో ఆయన బాల్సమ్స్ హోటలును కొన్నాడు, దాని పక్కనే రబ్బరు సామాన్ల కర్మాగారం కూడా నడిపాడు. ఆ విధంగా కనుమలో ఉన్నవాళ్లలో చాలామందికి యజమాని, ఇంటి యజమాని, పోలింగ్ జరిగే గది యజమాని ఒకరే అయ్యారు. డిక్స్‌విల్ ఓట్ల గురించి రాసేవాళ్లు సరదా కబుర్ల మధ్య ఈ సంగతిని తరచు దాటేస్తుంటారు.

అర్ధరాత్రి ఎందుకు?

ఈ పద్ధతిని కనిపెట్టింది డిక్స్‌విల్ కాదు. 1948లో ఇదే రాష్ట్రంలోని హార్ట్స్ లొకేషన్ అనే కుగ్రామంలో మొదలైంది. అక్కడ ఓటర్లలో ఎక్కువమంది రైల్వే పనివాళ్లు. మామూలుగా పోలింగ్ మొదలయ్యే వేళకు వాళ్లు డ్యూటీలో ఉండాలి. పనికి పోయేముందే ఓటు వేయాలంటే రాత్రిపూట వేయడమే దారి. అవసరంలోంచి పుట్టిన ఏర్పాటు అది. 1952లో డిక్స్‌విల్‌కు ఆనుకునే ఉన్న మిల్స్‌ఫీల్డ్ కూడా అర్ధరాత్రి ఓటు వేసింది. కెమెరాల తాకిడికి విసిగి హార్ట్స్ లొకేషన్‌వాళ్లు 1964లో ఆపేశారు, 1996లో గాని మళ్లీ మొదలుపెట్టలేదు.

డిక్స్‌విల్ సంగతి దీనికి తలకిందులు. ఇక్కడ తెల్లారి రైలెక్కే తొందర ఎవరికీ లేదు. ఉన్నవల్లా పెద్ద హోటలు, పత్రికలవాళ్లకు పడక, భోజనం, హోటలుకు సొంతంగా ఉన్న టెలిఫోన్ కంపెనీ. వార్తా ఏజెన్సీలకు ఎన్నికల రోజంత ఖాళీ రోజు మరొకటి ఉండదు. పోలింగ్ సాగుతుంటుంది, రాత్రయ్యేదాకా చెప్పడానికి అంకె ఒక్కటీ ఉండదు. అలాంటి రోజున పొద్దున పత్రికకు అందేలా నిజమైన అంకెలు ఇచ్చే చోటు దొరికితే ఎవరు వదులుకుంటారు? ప్రచారం కావాల్సిన హోటలు, వార్త కావాల్సిన ఏజెన్సీలు ఒకదానికొకటి దొరికాయి. 1960 నవంబరులో తొలి అర్ధరాత్రి పోలింగ్ జరిగింది. అప్పటి నుంచి 2000 దాకా ప్రతిసారీ మొదటి ఓటు టిలట్‌సన్‌దే. చేతి గడియారం చూసుకుంటూ, మడిచిన బ్యాలెట్‌ను పెట్టె మీద పట్టుకుని, ముళ్లు కలవగానే వదిలే ఆయన ఫొటో ఎన్ని పత్రికల్లో వచ్చిందో లెక్కలేదు. 2001లో 102 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు. తరవాత కుమారుడు టామ్ టిలట్‌సన్ పోలింగ్ నిర్వాహకుడిగా ఆ తంతును నడిపించాడు.

నిబంధన సూటిగా ఉంటుంది. వందమందికి లోపు జనాభా ఉన్న చోట పోలింగ్‌ను అర్ధరాత్రే మొదలుపెట్టవచ్చు. నమోదైన ఓటర్లంతా ఓటు వేసేస్తే అక్కడికక్కడే ముగించి లెక్కపెట్టవచ్చు. ఒక్కరు నిద్రపోయినా పెట్టె తెరవడానికి వీల్లేదు. అందుకే ఇక్కడ ఎప్పుడూ నూటికి నూరు శాతం పోలింగ్. ఈ శాతాన్ని పౌర చైతన్యానికి గుర్తుగా పొగిడేవాళ్లున్నారు. అది ఎంతవరకు చైతన్యమో, ఎంతవరకు ఇరుగుపొరుగు ముందు ఒక్కడే రాకుండా ఉండలేని మొహమాటమో విడదీయడం కష్టం. హోటలు నడిచిన కాలంలో అక్కడి బ్యాలెట్ గదిలో ఒక్కో ఓటరుకు ఒక్కో తెరచాటు అమర్చేవారు, వరుసలో నిలబడి కాలం పోనివ్వకుండా. ఓటరుకో కంపార్ట్‌మెంటు ఉన్న పోలింగ్ కేంద్రం మరెక్కడైనా ఉందని చెప్పలేం.

పదిహేడు లెక్కలు

తొలి బోణీయే తప్పింది. 1960లో రిపబ్లికన్ నిక్సన్‌కు 9, డెమొక్రాట్ కెనెడీకి సున్నా. కెనెడీ పక్కనున్న మసాచుసెట్స్‌వాడే అయినా ఒక్కరూ వేయలేదు. రాష్ట్రం నిక్సన్ వైపే ఉంది, దేశం కెనెడీని ఎన్నుకుంది. 1964లో జాన్సన్ ప్రభంజనంలో న్యూహాంప్‌షైర్ సైతం కొట్టుకుపోయింది. ఈ కనుమ మాత్రం గోల్డ్‌వాటర్‌కు 8 ఓట్లు వేసి జాన్సన్‌కు ఒక్కటీ విదల్చలేదు. ఇక ఇది మారని రిపబ్లికన్ కోట అనుకునే వేళకు, 1968లో డెమొక్రాట్ హంఫ్రీకి 8, నిక్సన్‌కు 4 వచ్చాయి. ఆ ఏడు రాష్ట్రమూ దేశమూ నిక్సన్‌నే గెలిపించాయి. మొదటి మూడుసార్లూ డిక్స్‌విల్ ఒక దారి, దేశం ఒక దారి.

ఆ తరవాత నలభై ఏళ్లు మొగ్గు ఒకటే. 1972లో నిక్సన్‌కు 16, మెక్‌గవర్న్‌కు 3. 1976లో పోటీ బిగిసింది: ఫోర్డ్‌కు 13, కార్టర్‌కు 11. 1980లో రేగన్‌కు 17, కార్టర్‌కు 3, స్వతంత్రుడు జాన్ ఆండర్సన్‌కు కూడా 3. 1984లో రేగన్‌కు 29, మాండేల్‌కు 1. 1988లో సీనియర్ బుష్‌కు 34, డుకాకిస్‌కు 3. ఓటర్ల సంఖ్యలో ఇదే శిఖరం. హోటలు దివ్యంగా నడుస్తోంది, కర్మాగారంలో పని ఉంది, జాబితాలో నలభైకి దగ్గరగా పేర్లున్నాయి.

1992 ఎన్నిక విడిగా చెప్పుకోవాలి. ఆర్థిక మాంద్యం న్యూ ఇంగ్లాండు రాష్ట్రాలను గట్టిగా దెబ్బతీసిన సమయం అది. ఆ ఏడు ప్రైమరీలో, అంటే పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, అర్ధరాత్రి లెక్క చదివితే అందరికంటే పైన ఉన్నది లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థి ఆండ్రే మరూ. ఆయనకు 11 ఓట్లు, పదవిలో ఉన్న అధ్యక్షుడు బుష్‌కు 9. దేశంలో చాలామంది ఆ పార్టీ పేరు వినడం అదే మొదటిసారి అయ్యుంటుంది. నవంబరులో బుష్‌కు 15, రాస్ పెరోకు 8, మరూకు 5, క్లింటన్‌కు 2. అంటే 30 ఓట్లలో 13 రెండు పెద్ద పార్టీలకూ పడలేదు. రిపబ్లికన్‌తో విసిగినా డెమొక్రాట్ వైపు పోలేదు, పక్కదారి పట్టారు. ఆదాయపు పన్ను, అమ్మకపు పన్ను లేని రాష్ట్రం న్యూహాంప్‌షైర్. స్వేచ్ఛగా బతుకు, లేదంటే చావు అన్నది దాని అధికారిక నినాదం, వాహనాల నంబరు పలకల మీద కూడా కనిపిస్తుంది. అలాంటిచోట ప్రభుత్వం చేయి వీలైనంత తక్కువగా ఉండాలనే లిబర్టేరియన్లకు చెవి ఒగ్గడం వింతేమీ కాదు. 1996లో డోల్‌కు 18, క్లింటన్‌కు 8, పెరోకు 1, లిబర్టేరియన్ హ్యారీ బ్రౌన్‌కు 1.

2000లో జూనియర్ బుష్‌కు 21, గోర్‌కు 5, రాల్ఫ్ నాడర్‌కు 1. ఈ ఏటి సంగతి కొంచెం ఆగి చెప్పదగినది. అధ్యక్షుడిని తేల్చేది రాష్ట్రాలవారీగా దక్కే ఎలక్టోరల్ ఓట్లు. ఆ ఎన్నికలో బుష్‌కు అవి మొత్తం 271 వచ్చాయి, కావలసినవి 270. న్యూహాంప్‌షైర్‌కు ఉన్నవి 4. రాష్ట్రంలో ఆయన మెజారిటీ 7,200 పైచిలుకు. లోకమంతా ఫ్లోరిడా గురించే మాట్లాడింది గాని, ఈ చిన్న రాష్ట్రం గోర్ వైపు తిరిగి ఉంటే ఫ్లోరిడా గొడవే అవసరం లేకపోయేది. అంత సన్నని అంచు మీద నడిచే రాష్ట్రంలో 27 ఓట్లు కూడా వాటి వాటాను మించి బరువుగా కనిపిస్తాయి. 2004లో బుష్‌కు 19, కెర్రీకి 7. ఈసారి రాష్ట్రం కెర్రీ వైపు మళ్లింది. అప్పటి నుంచి అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్లకు న్యూహాంప్‌షైర్ దక్కలేదు.

2008లో కనుమ తిరిగింది. ఒబామాకు 15, మెకెయిన్‌కు 6. హంఫ్రీ తరవాత డెమొక్రాట్ గెలవడం ఇదే మొదలు. 2012లో ఒబామాకు 5, రామ్నీకి 5, ఆనవాయితీ మొదలయ్యాక తొలిసారి సమానం. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 4, ట్రంప్‌కు 2, లిబర్టేరియన్ గ్యారీ జాన్సన్‌కు 1. మరొకరు పోటీలోనే లేని రామ్నీ పేరు రాసి వేశారు. 2020లో బైడెన్‌కు 5, ట్రంప్‌కు సున్నా. 2024లో కమలా హారిస్‌కు 3, ట్రంప్‌కు 3.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఈ మెతుకు ఆ పనికి రాదు. పదిహేనుసార్లు స్పష్టమైన గెలుపు వస్తే అందులో దేశం ఎన్నుకున్న అధ్యక్షుడితో కలిసింది ఎనిమిదిసార్లు, విభేదించింది ఏడుసార్లు. రెండుసార్లు సమానం. నాణెం ఎగరేసినా ఇంచుమించు ఇంతే. ఫలితం తమ అభ్యర్థికి అనుకూలంగా వచ్చినప్పుడు మాత్రమే ప్రచార బృందాలకు ఈ ఊరు గుర్తొస్తుంది.

ప్రైమరీల్లో పేరు

నవంబరు పోటీ కంటే ప్రైమరీలోనే డిక్స్‌విల్ మాటకు కొంత విలువ ఉండేది. దేశంలో మొట్టమొదటి ప్రైమరీ న్యూహాంప్‌షైర్‌దే కావాలని రాష్ట్ర చట్టమే పట్టుబడుతుంది. ఇలాంటి మరో పోటీ ఏదైనా ఉంటే దానికి కనీసం ఏడు రోజుల ముందు తమది జరిగేలా తేదీ పెట్టుకోవాలి. పార్టీ చెప్పకుండా నమోదైన ఓటర్లు ఏ పార్టీ బ్యాలెట్ అయినా అడిగి తీసుకోవచ్చు. రాష్ట్రంలో నూటికి సుమారు నలభై మంది ఇలాంటివాళ్లే కాబట్టి పార్టీ రంగు పలచబడి, మధ్యేమార్గపు అభ్యర్థులకు ఇక్కడ ఊపిరాడుతుంది.

1968 నుంచి 2012 దాకా డిక్స్‌విల్ రిపబ్లికన్లలో ముందున్న అభ్యర్థే చివరికి ఆ పార్టీ తరఫున నిలబడ్డాడు. 2000లో రాష్ట్రమంతా మెకెయిన్‌ను ఘనంగా గెలిపించింది. కనుమలో బుష్‌కు 12, మెకెయిన్‌కు 10. టికెట్టు బుష్‌కే దక్కింది. 2012లో రామ్నీ, హంట్స్‌మన్‌లకు చెరి రెండు. సమానమే అయినా లెక్క తప్పలేదనే అన్నారు. 2016లో ఆ పరంపర తెగింది. ఒహాయో గవర్నరు జాన్ కేసిక్‌కు 3, ట్రంప్‌కు 2.

డెమొక్రాట్ల వైపు ఇంత పొందిక ఎన్నడూ లేదు. 2004లో స్వయంగా అర్ధరాత్రి వచ్చి నిలబడ్డ జనరల్ వెస్లీ క్లార్క్‌కు 8 ఓట్లు, నామినేషన్ పొందిన కెర్రీకి 3. మర్యాదకు మారుమర్యాద అనుకోవాలి. 2008లో ఒబామాకు 7, ఎడ్వర్డ్స్‌కు 2, రిచర్డ్‌సన్‌కు 1 వస్తే, ఆ సాయంత్రానికి రాష్ట్రాన్ని గెలిచిన హిల్లరీ క్లింటన్‌కు ఇక్కడ ఒక్కటీ రాలేదు. 2016లో నాలుగుకు నాలుగూ శాండర్స్‌కు. 2020 ఫిబ్రవరిలో ఇంకో చోద్యం. బ్యాలెట్ మీద పేరే లేని న్యూయార్క్ మాజీ మేయరు మైకేల్ బ్లూమ్‌బర్గ్‌ను చేత్తో రాసి రెండు పార్టీల్లోనూ గెలిపించారు: డెమొక్రాట్లలో 2, రిపబ్లికన్లలో 1. మొత్తం పోలైనవి 5. 2024 జనవరి 23న జాబితాలో ఆరుగురు, నలుగురు రిపబ్లికన్లు, ఇద్దరు పార్టీ చెప్పనివాళ్లు. ఆరు ఓట్లూ నిక్కీ హేలీకే. ట్రంప్‌కు సున్నా.

2016 నుంచి వచ్చిన ఈ లెక్కల్లో ఒక గీత కనిపిస్తుంది. కేసిక్, రామ్నీ, బ్లూమ్‌బర్గ్, హేలీ. వ్యాపారానికి అనుకూలులు, మాటలో నెమ్మది గలవాళ్లు, పాత తరహా రిపబ్లికన్లకు నచ్చేవాళ్లు. డిక్స్‌విల్ డెమొక్రాట్ల వైపు మారిందనడం కంటే, రిపబ్లికన్ పార్టీ తాను మారి ఈ కనుమను వెనక వదిలేసిందనడం నిజానికి దగ్గర. 2024 గురించి ఇంకో ముచ్చట. ఆ ఏడు ఇక్కడ ఓట్లు పడ్డ హేలీ తల్లిదండ్రులు పంజాబీలు, హారిస్ తల్లి తమిళురాలు. ట్రంప్ ఉపాధ్యక్ష అభ్యర్థి వాన్స్ భార్య ఉష చిలుకూరి కుటుంబం మూలాలు ఆంధ్రలో ఉన్నాయి. కెనడా సరిహద్దు దగ్గర ఆరుగురు నింపిన కాగితాల మీద మన దేశపు జాడ ఇంత పడుతుందని 1960లో ఎవరూ ఊహించి ఉండరు.

జాబితా చెప్పే కథ

ఓటర్ల సంఖ్యనే చూస్తే 1960లో 9, 1988లో నలభైకి దగ్గర, 2000లో 27, 2008లో 21, 2012లో 10, 2016లో 8, 2020లో 5. ఇది ఓట్ల పట్టికలాగా లేదు, హోటలు హాజరుపట్టీలాగా ఉంది. 2000 జనగణనలో 75 మంది ఉన్న చోట 2010కి 12 మంది మిగిలారు. 2011లో బాల్సమ్స్ మూతపడింది, చేతులు మారింది. మరుసటి ఏడు మంచాలు, కుర్చీలు, పింగాణీ సామానుతో సహా వేలం వేశారు. వంటవాళ్లు, గుమాస్తాలు, స్కీ వాలు పనివాళ్లు తలో దారి పట్టారు. మొగ్గు మారిన కాలమూ ఇదే కావడం గమనించాలి. ఇరవై ఏళ్లలో ఒకే మనుషులు మనసు మార్చుకున్నది కొంత, మనుషులే మారిపోయినది ఎంతో ఎక్కువ. పదిమందిలో ముగ్గురు వెళ్లి ఇద్దరు వస్తే రాజకీయ విశ్లేషకుల భాషలో అది పెనుమార్పు. ఆ ఊళ్లో అది అద్దె ఇంటి సంగతి.

స్కీ వ్యాపారంలో పేరున్న లెస్ ఆటెన్ 2014 ప్రాంతంలో హోటలును మళ్లీ నిలబెట్టే పథకంతో వచ్చాడు. 2010లో పొరుగునున్న మేన్ రాష్ట్రంలో గవర్నరు పదవికి రిపబ్లికన్ టికెట్టు కోరినవాడు. 2016 ఎన్నికల తరవాత, ఓటు వేసినవాళ్లంతా నిజంగా అక్కడ కాపురం ఉంటున్నవాళ్లేనా అన్న ప్రశ్న లేచి రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం దాకా వెళ్లింది. 2019 చివర్లో అసలు ఆనవాయితీకే గండం వచ్చింది. పోలింగ్ జరపాలంటే నిర్వాహకుడు, గుమాస్తా, ముగ్గురు పెద్దలు, వెరసి అయిదుగురు కావాలి. ఒకరు ఊరు విడిచి వెళ్లడంతో మిగిలింది నలుగురు. ఆటెన్ అక్కడికి మకాం మార్చి ఓటరుగా నమోదు కావడంతో గండం గడిచింది. ఓటర్లూ పోలింగ్ సిబ్బందీ ఇంచుమించు ఒకరే అయిన ప్రజాస్వామ్యం ఇది.

ఇరుగుపొరుగు

మొగ్గును కొండగాలి నిర్ణయించదని తెలియాలంటే పక్కనున్న మిల్స్‌ఫీల్డ్‌ను చూడాలి. అదే కౌంటీ, అదే చలి, సరిహద్దు ఒకటే. 2016లో ఆ ఊరు అర్ధరాత్రి ఓటును తిరిగి మొదలుపెట్టి ట్రంప్‌కు 16, హిల్లరీకి 4 వేసింది. 2020లో ట్రంప్‌కు 16, బైడెన్‌కు 5. అదే రాత్రి డిక్స్‌విల్‌లో 0, 5. కోవాస్ కౌంటీ మొత్తం మీద దారి మిల్స్‌ఫీల్డ్‌దే: కాగితపు మిల్లులు మూతపడిన ఈ ప్రాంతం ఒబామాకు రెండుసార్లు ఓటేసి, 2016లో ట్రంప్ వైపు మళ్లింది. హోటలు యాజమాన్యపు నీడలో ఉన్న కనుమకు ఆ మిల్లు పనివాళ్ల బాధ అంతగా తగలలేదు.

దక్షిణాన, తెల్ల కొండల్లో ఉన్న హార్ట్స్ లొకేషన్‌ది మూడో దారి. అక్కడ 2008లో ఒబామాకు 17, మెకెయిన్‌కు 10, 2016లో హిల్లరీకి 17, ట్రంప్‌కు 14. మూడు ఊళ్లూ కలిపితే 2016 అర్ధరాత్రి లెక్క ట్రంప్‌కు 32, హిల్లరీకి 25. రాష్ట్రాన్ని హిల్లరీ 2,736 ఓట్లతో గెలిచింది, దేశాన్ని ట్రంప్ గెలిచాడు. ఈ శకునం ఎవరికి ఫలించినట్టు?

గోప్యత

అయిదుగురు వేస్తే అయిదూ ఒకరికే పడ్డప్పుడు రహస్య ఓటు అనే మాటకు అర్థం ఉండదు. 2020లో అదే జరిగింది. ఆటెన్ అయితే దాచుకోనేలేదు, తాను జీవితమంతా రిపబ్లికన్‌నని, ఈసారి బైడెన్‌కు వేస్తున్నానని ముందే బాహాటంగా చెప్పాడు. 2024 ప్రైమరీలో 6, 0. ఎవరిది ఎవరికో కెమెరాకు తెలిసిపోయింది. ఏకగ్రీవం కానప్పుడు సంగతి ఇంకా ఇబ్బంది. 1984లో మాండేల్‌కు పడ్డ ఆ ఒక్క ఓటు ఎవరిదని మర్నాడు హోటలు వంటింట్లో ఎంత చర్చ జరిగి ఉంటుందో! ఆ ఓటరుకు జీతం ఇచ్చే యజమాని అదే గదిలో మొదటి ఓటు వేసి నిలబడ్డాడన్నది మరవకూడదు. ఒత్తిడి జరిగిందని కాదు. 1968లోని 8 ఓట్లు, 1992లోని 13 ఓట్లు ఇక్కడివాళ్లు ఎవరికీ గంగిరెద్దులు కారని చూపిస్తాయి. కాని గోప్యత అనేది సంఖ్యాబలంతో వచ్చే రక్షణ. సంఖ్య లేనిచోట తెరచాటు ఎంత మందంగా ఉన్నా లాభం లేదు.

ఈ చిక్కు మనకు కొత్త కాదు. బూత్‌లవారీ లెక్కలు బయటికి రాగానే ఏ వీధి ఎటు వేసిందో పల్లెల్లో వేళ్ల మీద చెప్పేస్తారు. పనులు ఆపుతామనే బెదిరింపులూ అక్కడినుంచే పుడతాయి. కాగితపు బ్యాలెట్ల రోజుల్లో బూత్‌ల ఓట్లు కలగలిపి లెక్కపెట్టే వీలు ఉండేది. ఈవీఎంలు వచ్చాక ఆ చాటు పోయింది. చాలా యంత్రాల ఓట్లను ఒకేసారి కూడే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. మనం దాచాలని తంటాలు పడేదాన్ని డిక్స్‌విల్ దీపాలు పెట్టి చూపిస్తుంది.

పేరు, వాదాలు

దేశంలో తొలి ఓటు ఇక్కడే అనే మాటను అలాగే నమ్మనక్కర్లేదు. పసిఫిక్ సముద్రంలోని గువాం ద్వీపంలో అమెరికా పౌరులకు ఎన్నికల రోజు గంటల ముందే మొదలవుతుంది. ఎలక్టోరల్ ఓట్లు లేకపోయినా వాళ్లు 1980 నుంచి అభిప్రాయ సేకరణగా అధ్యక్ష ఓటు వేస్తున్నారు. పైగా ఇప్పుడు కోట్లమంది తపాలాలోనో ముందస్తు కేంద్రాల్లోనో వారాల ముందే వేసేస్తున్నారు. డిక్స్‌విల్‌ది తొలి ఓటు కాదు, తొలిగా చదివిన లెక్క మాత్రమే. వైట్ హౌస్ నేపథ్యంగా సాగిన వెస్ట్ వింగ్ అనే టీవీ ధారావాహికలో 2002 ఫిబ్రవరిలో వచ్చిన ఒక భాగానికి ఇలాంటి కల్పిత ఊరే కేంద్రం. ఆ ఊరికి పెట్టిన పేరు హార్ట్స్‌ఫీల్డ్స్ లాండింగ్, ఓటర్లు 42 మంది. నిజమైన డిక్స్‌విల్‌లో అప్పటికి అంతమంది ఓటర్లు లేరు.

హోటలు మూతపడ్డాక పోలింగ్ అదే ఆవరణలోని ఇళ్లకు మారింది. 2024 నవంబరు 5న టిలట్‌సన్ హౌస్ అనే ఇంటి ముందుగదిలో ఆరుగురు ఓటర్లు, వాళ్లకు ఎన్నోరెట్లు విలేకరులు చేరారు. అకార్డియన్ మీద జాతీయ గీతం వాయించారు. 12 కాగానే ఆరు కాగితాలూ పెట్టెలో పడ్డాయి. లెక్కపెట్టి పలక మీద రాస్తే మూడు, మూడు. జనవరిలో ట్రంప్‌కు ఒక్కటీ వేయని ఆరుగురు ఉన్న జాబితాలోంచి నవంబరుకు మూడు ఆయన ఖాతాలోకి వెళ్లాయి.